పి-17: ఒక పుండు, ఒక నాలా, ఒక మందుల కవరు

షుగర్ రోగి కాలి పుండులోని మొండి బ్యాక్టీరియాను చంపే వైరస్ కోసం మేం మురుగునీళ్లలో వెతికిన కేసు ఇది. ఈ కేసులో రోగి కోలుకున్నాడు. అందులో మా ల్యాబ్ గొప్పతనం ఏమీ లేదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ సంగతి ఎవరి దగ్గర ఎత్తినా "అంటే మోరీ నీళ్లలో దొరికిన వైరస్‌తో పుండు మాన్పారన్నమాట" అంటున్నారు. మాన్పలేదు. ఆ వైరస్ రోగి కాలి దగ్గరికి కూడా పోలేదు. అయినా ముప్పై ఏళ్లకు దగ్గరపడిన నా ఉద్యోగంలో నాతో ఎక్కువ తప్పులు చేయించిందీ, ఎక్కువ పని నేర్పిందీ ఈ కేసే. పెద్దాయన, ఆయన కొడుకు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు తీసేశాను.

నేను వరంగల్‌లో మైక్రోబయాలజీ చెప్తాను. నా పీహెచ్‌డీ 1990లలో పల్లికాయ వేర్ల బుడిపెల మీద జరిగింది. ఆ బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. ఆ రైజోబియంను చంపే వైరస్‌లు కూడా అదే మట్టిలో ఉంటాయి. వాటినే బ్యాక్టీరియోఫేజ్‌లు అంటాం, క్లుప్తంగా ఫేజ్‌లు. అప్పట్లో మా దృష్టిలో ఫేజ్ అంటే దొంగ. ఎరువుగా వేసిన రైజోబియంను తినేసి పోతుంది. పెరుగు తయారుచేసే డైరీలలో కూడా అంతే, తోడు బ్యాక్టీరియాకు ఫేజ్ తగిలిందంటే ఆ రోజు పాలు తోడుకోవు. దాన్ని ఎలా తప్పించుకోవాలా అని నాలుగేళ్లు ఆలోచించిన మనిషిని, తర్వాత ఇరవై ఏళ్లు దాన్నే వెతుక్కుంటూ తిరిగాను.

చరిత్ర ఎక్కువ చెప్పను. 1896లో ఆగ్రాలో పనిచేస్తున్న హాంకిన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త గంగ, యమున నీళ్లలో కలరా క్రిమి చచ్చిపోతోందనీ, ఆ నీళ్లు మరిగిస్తే ఆ గుణం పోతోందనీ రాశాడు. 1915లో ట్వార్ట్, 1917లో డెరెల్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారు ఫేజ్‌ను గుర్తించారు. 'బ్యాక్టీరియోఫేజ్' అన్న పేరు డెరెల్ పెట్టిందే, బ్యాక్టీరియాను తినేది అని అర్థం. ఆయన 1927లో మన దేశానికి వచ్చి పంజాబ్‌లో కలరా రోగుల మీద వాడి చూశాడు. 1940లలో పెన్సిలిన్ వచ్చాక చాలా దేశాలు ఫేజ్‌ను పక్కన పెట్టేశాయి. జార్జియా దేశంలోని టిబిలిసీలో 1923లో మొదలైన సంస్థ మాత్రం ఆ పని ఆపలేదు. హాంకిన్ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లల కళ్లు మెరుస్తాయి. అదే కథను ఊళ్లో చెప్పి ఎలా దెబ్బ తిన్నానో కింద రాస్తాను.

రోగి

ఏప్రిల్ 2022. హన్మకొండలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్న మా పాత స్టూడెంట్ ఫోన్ చేసింది. "మేడం, చీము కల్చర్ ఒకటి ఉంది. ప్లేటు తెరిస్తే ద్రాక్షపండ్ల వాసన కొడుతోంది. పచ్చగా ఉంది. చూస్తారా?" ఆ వాసన, ఆ రంగు ఉంటే ఇక పేరు చెప్పక్కర్లేదు, సూడోమోనాస్ ఎరుజినోసా. ఇంగ్లిష్ స్పెల్లింగులో మొదటి అక్షరం పలకని 'పి' కాబట్టి మా రిజిస్టర్‌లో పి-17 అయింది.

రోగికి 62 ఏళ్లు. నర్సంపేట వైపు మిర్చి రైతు. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. జనవరిలో తోటలో చెప్పులు లేకుండా తిరుగుతుంటే ఎడమ పాదానికి మోడు గుచ్చుకుంది. షుగర్ వల్ల పాదాలు అప్పటికే మొద్దుబారి ఉన్నాయి, నొప్పి తెలియలేదు. ఐదారు రోజుల తర్వాత సాక్సు తడిగా ఉందని కోడలు చూసింది. అక్కడి నుంచి మూడు నెలలు ఊళ్లోనే వైద్యం. దవాఖానకు వచ్చేసరికి షుగర్ 380, రెండు వేళ్లు నల్లబడ్డాయి.

ఆ బ్యాక్టీరియా మీద మందుల బిళ్లలు పెట్టి చూశాం. సిప్రోఫ్లాక్సాసిన్, సెఫ్టాజిడైమ్, జెంటామైసిన్, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్, ఈ నాలుగింటి చుట్టూ బ్యాక్టీరియా పచ్చిక మొలిచినట్టు పెరిగింది, అంటే అవి పనిచేయవు. అమికాసిన్ దగ్గర అటూ ఇటూ కాని ఫలితం. మెరోపెనెమ్ ఒక్కటే పనిచేస్తోంది. అంటే సర్జన్ చేతిలో ఒక ఆయుధం మిగిలే ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఫేజ్ తప్ప దారి లేని కేసు కాదిది. ఫేజ్ వెతకాలన్న ఉత్సాహం నాది, నా పిల్లలది.

ఖాళీ ప్లేటు

ఒక బ్యాక్టీరియాను చంపే ఫేజ్ ఆ బ్యాక్టీరియా బతికే చోటే దొరుకుతుంది. సూడోమోనాస్ మురుగులో బతుకుతుంది. కాబట్టి మేం పోయింది నయీంనగర్ నాలాకు. వానాకాలంలో పొంగి కాలనీలను ముంచే ఆ నాలా ఏప్రిల్‌లో నల్లగా, చిక్కగా, కదలకుండా ఉంటుంది. ఇద్దరు ఎమ్మెస్సీ పిల్లలు మాస్కులు, గ్లౌజులు వేసుకుని తాడు కట్టిన సీసా వదిలితే, ఏం పోయిందో వెతుకుతున్నారనుకుని నలుగురు గుమిగూడారు. ఒకాయన "ఫోనా?" అని కూడా అడిగాడట.

పద్ధతి పెద్ద కష్టమైంది కాదు. మురుగునీళ్లను తేటపరచి, అందులో పి-17నూ, దానికి కావలసిన ఆహారాన్నీ కలిపి రాత్రంతా ఉంచాలి. ఫేజ్ ఉంటే తన తిండి దొరికింది కాబట్టి పెరుగుతుంది. పొద్దున సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడగట్టాలి. బ్యాక్టీరియా పైన ఆగిపోతుంది, ఫేజ్ కిందికి దిగుతుంది. ఆ నీటినీ, పి-17నూ మెత్తటి అగార్‌లో (బ్యాక్టీరియాను పెంచే జెల్లీలో) కలిపి ప్లేటు మీద పోస్తే, ఫేజ్ ఉన్నచోట బ్యాక్టీరియా పొర మీద గుండ్రటి చిల్లులు పడతాయి. వాటిని ప్లేక్‌లు అంటాం.

మూడో రోజు పొద్దున ఏడింటికి నా ఫోన్‌కు ఫోటో వచ్చింది. ప్లేటంతా అద్దంలా ఉంది, బ్యాక్టీరియా అన్నదే లేదు. కింద పిల్లవాడి మెసేజ్: "మేడం, మొత్తం తినేసింది!" నేనూ మనిషినే, టీ కూడా తాగకుండా బయల్దేరాను. వెళ్లి అడిగిన మొదటి ప్రశ్న, ఫేజ్ కలపని ప్లేటు ఏది అని. ప్లేట్లు తక్కువ ఉన్నాయని అది పెట్టలేదట. ఆ మధ్యాహ్నం దాన్ని పెట్టించాను. ఫేజ్ లేని ప్లేటు కూడా మర్నాటికి అద్దంలాగే ఉంది.

జరిగింది ఇదీ. మెత్తటి అగార్‌ను 45 డిగ్రీల దాకా చల్లార్చి అప్పుడు బ్యాక్టీరియాను కలపాలి. మా వాటర్‌బాత్ థర్మోస్టాట్ చెడిపోయి వేడి మితిమీరింది. పి-17ను చంపింది ఏ వైరస్సూ కాదు, మేమే ఉడకబెట్టాం. ఆ పిల్లవాడి ముఖం చూడలేకపోయాను కానీ, నిజానికి తప్పు నాది. ఆ బాత్ ఎక్కువ వేడెక్కుతోందని అంతకు రెండు నెలల ముందే అటెండర్ చెప్పాడు.

తర్వాతి సాంపిల్‌లో ఏమీ లేదు. మూడోది మళ్లీ ఆశపెట్టింది. చుక్క పెట్టిన చోట శుభ్రంగా తేట మచ్చ. కానీ సూడోమోనాస్‌తో పనిచేసేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ జాతిలో ఒక రకం ఇంకో రకాన్ని చంపడానికి పయోసిన్ అనే ప్రొటీన్లు వదులుతుంది. అవి కూడా ఇలాగే మచ్చ చేస్తాయి. తేడా తెలియాలంటే ఆ ద్రవాన్ని పదింతలు, వందింతలు, వెయ్యింతలు పలుచన చేసి చుక్కలు పెట్టాలి. ఫేజ్ అయితే పలుచన అయ్యేకొద్దీ మచ్చ విడిపోయి లెక్కపెట్టగలిగిన చిల్లులు కనిపిస్తాయి. పయోసిన్ అయితే మచ్చ మసకబారి పోతుందంతే. మాది మసకబారింది.

ఐదో సాంపిల్ నాలాలోంచే, కాకపోతే ఇంకాస్త కిందికి పోయి తెచ్చాం. ఈసారి ఫేజ్ లేని ప్లేటు మీద చక్కటి పొర, ఫేజ్ ఉన్న ప్లేటు మీద 23 చిల్లులు. ఒక్కోటి రెండు మిల్లీమీటర్లు. మధ్యలో తేటగా, చుట్టూ మసక వలయం. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టుంది. ఆ వలయం మాకు ఇష్టమైన గుర్తు. బ్యాక్టీరియా తన చుట్టూ అల్లుకునే జిగురు గూడును కరిగించే ఎంజైమ్ ఆ ఫేజ్ దగ్గర ఉందని అది సూచిస్తుంది. ఒక చిల్లును గుచ్చి తీసి, మళ్లీ పెంచి, మళ్లీ గుచ్చి, మూడుసార్లు శుద్ధి చేశాక మిల్లీలీటరుకు సుమారు 20 కోట్ల ఫేజ్‌లు వచ్చాయి.

మా దగ్గరున్న 11 సూడోమోనాస్ రకాల మీద వేసి చూస్తే నాలుగింటినే చంపింది. ఫేజ్ బలమూ అదే, బలహీనతా అదే. యాంటీబయాటిక్ ఇంటిని తగలబెడితే ఫేజ్ ఒక్క తాళాన్నే తీస్తుంది. తాళం మారితే దాని చేతిలో ఏమీ ఉండదు. ట్యూబులో కూడా ఇదే కనిపించింది. పి-17తో చిక్కబడిన ద్రవంలో ఫేజ్ వేస్తే నాలుగు గంటల్లో తేటబడింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దున మళ్లీ చిక్కగా ఉంది. ఫేజ్ అతుక్కునే చోటును మార్చుకున్న బ్యాక్టీరియా పిడికెడు మిగిలి ఉంటే చాలు, రాత్రికి రాత్రే మళ్లీ ఊరు నిండిపోతుంది.

కొన్నిసార్లు ఇలా మారిన బ్యాక్టీరియా ఇంకో వైపు నష్టపోతుంది. యేల్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ప్రచురించిన సూడోమోనాస్ ఫేజ్ అలాంటిదే. యాంటీబయాటిక్‌ను బయటికి తోసే పంపునే అది పట్టుకుంటుంది. దాన్ని తప్పించుకోవాలని బ్యాక్టీరియా పంపును పాడుచేసుకుంటే పాత మందులు మళ్లీ పనిచేస్తాయి. మాది కూడా అలాంటిదేమోనని ఎంతో ఆశతో బిళ్లలు పెట్టాం. ఏ మార్పూ లేదు.

"మా బాపుకు పెట్టుండ్రి"

ఫేజ్ దొరికిన సంగతి మా పాత స్టూడెంట్ ద్వారా రోగి కొడుక్కి తెలిసింది. నేరుగా డిపార్ట్‌మెంట్‌కు వచ్చేశాడు. "మేడం, అది పుండుల పురుగును చంపుతదట కదా. మా బాపుకు పెట్టుండ్రి. ఎక్కడ సంతకం పెట్టమంటె అక్కడ పెడ్త."

అతనికి సమాధానం చెప్పడానికి గంట పట్టింది. మన దేశంలో మనుషులకు వాడటానికి అనుమతి పొంది మార్కెట్లో ఉన్న ఫేజ్ మందు లేదు. నేను డాక్టర్‌ను కాదు, టీచర్‌ను. మా సీసాలో ఫేజ్‌తో పాటు పగిలిపోయిన బ్యాక్టీరియా ముక్కలూ ఉంటాయి, వాటిలోని ఎండోటాక్సిన్ అనే విషం రక్తంలో కలిస్తే జ్వరం, బీపీ పడిపోవడం, అంతకంటే పెద్ద ప్రమాదం కూడా రావచ్చు. ఆ ఫేజ్ జన్యువులు మేం చదవలేదు. బ్యాక్టీరియాను చంపకుండా దానిలోనే దాక్కుని, చెడ్డ జన్యువులను మోసుకుపోయే రకాలూ ఉంటాయి. 2016లో అమెరికాలో కోమాలోకి పోయిన టామ్ ప్యాటర్సన్‌కు ఫేజ్‌లు ఇచ్చి బతికించిన సంగతి నిజమే. కానీ అక్కడ ప్రభుత్వ అత్యవసర అనుమతి, శుద్ధి చేసే ల్యాబులు, ఐసీయూ డాక్టర్లు అందరూ ఒకచోటికి వచ్చారు. అన్నిటికంటే పెద్ద కారణం, మీ నాన్నకు పనిచేసే యాంటీబయాటిక్ ఇంకా ఉంది.

అతను చివరిదాకా విని, "అయితె మరి ఎందుకు ఎతికిండ్రు?" అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకుందామనే. పిల్లలకు నేర్పడానికి, రేపటికి పనికొస్తుందని, అన్నాను. నా చెవులకే ఆ మాట పేలవంగా వినిపించింది.

అదే వారం ఒక విలేకరి కూడా వచ్చాడు. మంచివాడే. కానీ మోరీ నీళ్లలో సంజీవని అని హెడ్డింగ్ పడుతుందేమోనని టీ ఇచ్చి పంపించేశాను.

దవాఖానలో జరిగింది మామూలు వైద్యమే, చేయాల్సిన పద్ధతిలో జరిగింది. సర్జన్ రెండు వేళ్లు తీసేశారు, చచ్చిన కండ శుభ్రం చేశారు, మెరోపెనెమ్ ఇచ్చారు, ఇన్సులిన్‌తో షుగర్ దించారు, ఆ కాలు మీద బరువు పడకుండా చూశారు. దసరా నాటికి పుండు మూసుకుంది.

కవరు

కొడుకు వచ్చిన రోజు చేతిలో ఒక బట్టల షాపు కవరు ఉంది. జనవరి నుంచి వాడిన గోలీలన్నీ అందులో ఉన్నాయి. బల్ల మీద పరిచాం. సగం సగం వాడిన స్ట్రిప్పులు. అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ రెండు కంపెనీలవి, నొప్పి గోలీలు, కాగితం పొట్లాల్లో పేరు లేని తెల్ల గోలీలు. సగానికి పైగా స్ట్రిప్పుల వెనక ఎర్ర గీత ఉంది. డాక్టర్ చీటీ లేకుండా కొనొద్దని చెప్పే గీత అది. దాన్ని జనానికి గుర్తుచేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం మొదలుపెట్టింది. కొడుకు దాన్ని డిజైన్ అనుకున్నాడు.

నాకు బాధ కలిగించింది ఇది: అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్, ఈ మూడూ సూడోమోనాస్‌ను చంపే మందులే కావు. వాటికి లొంగకపోవడం ఆ జాతికి పుట్టుకతో వచ్చిన గుణం. అవి చంపింది పుండులోని మిగతా బ్యాక్టీరియాను. అంటే పి-17కు పోటీ తప్పించి స్థలం ఖాళీ చేసి పెట్టాయి. పనిచేయగల సిప్రోను మూడు రోజులు వేసి ఆపి, పది రోజుల తర్వాత మళ్లీ మూడు రోజులు వేశారు. మొండి రకాన్ని తయారుచేయమంటే మేం ల్యాబ్‌లో చేసేదీ సరిగ్గా అదే. పొట్లంలోని తెల్ల గోలీ స్టెరాయిడ్ అని తర్వాత ఊళ్లో వైద్యం చేసిన ఆర్‌ఎంపీయే చెప్పాడు. అది వాపు తగ్గిస్తుంది, షుగర్ పెంచుతుంది.

మేం నాలా పక్కన ముక్కు మూసుకుని ఐదు సాంపిళ్లు తీశాం. ఈ కవరు ఎక్కడుందని మొదటి రోజు ఒక్కరమైనా అడగలేదు. ఆ తర్వాత ల్యాబ్‌కు ఏ కల్చర్ వచ్చినా రిజిస్టర్‌లో ఒక గడి పెట్టాం: 'ఇంతకుముందు వాడిన మందులు'.

ఊళ్లో రెండు మీటింగులు

ఆగస్టులో రోగి వాళ్ల ఊరికి వెళ్లాం. ఆశా కార్యకర్త సాయంతో బడిలో మీటింగ్. ప్రొజెక్టర్ పెట్టి, నాకు ఇష్టమైన హాంకిన్ కథతో మొదలుపెట్టాను, ఫేజ్ బొమ్మ చూపించాను. ఆరు కాళ్లు, పొడుగు తల. పిల్లలు "రాకెట్!" అన్నారు. అరగంట బాగానే నడిచింది. చివర్లో ఒక పెద్దమ్మ లేచి అడిగింది: "అయితె బిడ్డా, వాగు నీళ్లతోని పుండు కడుగుతె మంచిదే అన్నట్టు కదా? మేడారం పోయినప్పుడు జంపన్న వాగు నీళ్లు సీసల పట్టుకొచ్చిన."

గుండె జారింది. అరగంటలో నేను నేర్పింది అదా! కాదమ్మా, అదే నీళ్లలో వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిములూ ఉంటాయి, పుండు మీద కాచి చల్లార్చిన నీళ్లే పోయాలి అని పదిసార్లు చెప్పాను. ఆమె తల ఊపింది, నమ్మిందని మాత్రం అనుకోను. మర్నాడు ఆశా కార్యకర్తను ఆమె ఇంటికి పంపించాను. ఆ రోజు నుంచి ఊళ్లో ఫేజ్ మాట ఎత్తడం మానేశాను.

రెండో మీటింగ్ నవంబర్‌లో, సంఘం మహిళలతో, రావిచెట్టు గద్దె దగ్గర. ప్రొజెక్టర్ లేదు. రెండు రోజుల ముందే మా పిల్లలు వెళ్లి ఇరవై మంది చేత అగార్ ప్లేట్ల మీద వేళ్లు ఒత్తించి తెచ్చారు, కొందరు సబ్బుతో కడుక్కున్నాక, కొందరు కడుక్కోకముందు. టేపు వేసి మూసిన ఆ ప్లేట్లను ఎవరి పేరుతో వాళ్లకు చూపించాం. తెరవనివ్వలేదు, తిరిగి తెచ్చి ఆటోక్లేవ్ చేశాం, అంటే ఒత్తిడి ఆవిరిలో ఉడికించి క్రిములను చంపేశాం. సర్పంచ్‌గారి ప్లేటు అందరికంటే గొప్పగా పండింది. ఆ నవ్వులు ఆగడానికి ఐదు నిమిషాలు పట్టింది.

తర్వాత మందుల సంగతి ఎత్తాను. సగంలో ఆపితే మొండివి మిగులుతాయి అని చెప్తుంటే, గద్దె మీద కర్ర పట్టుకుని కూర్చున్న మన రోగే అందుకున్నాడు.

"గిదేంది మేడం, గిది మా మిర్పతోట కథనే గద. నల్ల తామర పురుగు అచ్చినప్పుడు ఒక్క మందు కొట్టినం, పోలే. ఇంకోటి కొట్టినం. షాపాయన రెండు కలిపి కొట్టుమన్నడు, కొట్టినం. మిత్రపురుగులన్ని సచ్చినయి. అది మాత్రం ఉన్నది."

2021-22లో ఈ జిల్లాల మిర్చి రైతులను ఆ పురుగు ఎంత ముంచిందో అక్కడ తెలియనివాళ్లు లేరు. పత్తి వేసినవాళ్లకు గులాబీ రంగు పురుగు సంగతీ తెలుసు. బీటీ విత్తనం మొదట్లో ఆపింది, తర్వాత ఆపలేకపోయింది. నేను పాతికేళ్లుగా క్లాసులో రెండు పీరియడ్లు తీసుకుని చెప్పే పాఠం వాళ్లందరికీ ఒక పంట నష్టం రూపంలో ముందే వచ్చి ఉంది. ఆ తర్వాత నేను మాట్లాడింది తక్కువ. కడుపులో కూడా మిత్రపురుగులు ఉంటాయన్న మాట ఒకటి కలిపాను, అంతే. ఒకామె అక్కడికక్కడే, "గందుకేనా గోలీలు ఏసుకుంటె పోరనికి మోషన్లయితన్నయి?" అంది.

ఆర్‌ఎంపీ ఆ మీటింగ్‌కు రాలేదు. తర్వాత నేనే వాళ్ల ఇంటికి వెళ్లాను. తిట్టడానికి వచ్చాననుకుని ముందు ముడుచుకున్నాడు. తర్వాత అన్నాడు: "మేడం, మీరు ఆర్నెల్లకొకసారి అస్తరు. రాత్రి పన్నెండింటికి తలుపు కొట్టేది నా ఇంటికే. నేను సూది ఇయ్యకపోతె పక్కూరాయన ఇస్తడు." అతను చెప్పింది అబద్ధం కాదు. నేను అడిగినవి రెండే. షుగర్ ఉన్న మనిషికి కాలి మీద పుండు కనిపిస్తే ఆ రోజే పెద్ద దవాఖానకు పంపు. పేరు లేని పొట్లం ఇవ్వకు. మొదటిది చేస్తున్నాడు. తర్వాతి ఏడాది అతను పంపిన ముగ్గురు పుండు చిన్నగా ఉండగానే వచ్చారని మా పాత స్టూడెంట్ చెప్పింది. రెండోది చేస్తున్నాడో లేదో నాకు అనుమానమే.

యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక లెక్క. ఈ అంకె క్లాసులో చెప్తాను, ఊళ్లో చెప్పను. ఊళ్లో కవరు చాలు. ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా ముందు "ఇంట్లో ఉన్న గోలీల కవరు పట్టుకురండి" అంటాం. గద్దె మీద పరుస్తాం. ఎర్ర గీత ఉన్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క. ఆ కుప్ప చూశాక మాటలు వాటంతట అవే వస్తాయి.

సంక్రాంతి తర్వాత పెద్దాయన కిలో ఎండుమిర్చి పట్టుకుని డిపార్ట్‌మెంట్‌కు వచ్చాడు. కాళ్లకు మెత్తటి అడుగు ఉన్న చెప్పులు. "నా పుండుల పురుగును తినేది ఉన్నదట, ఒక్కసారి సూపెట్టు బిడ్డా" అన్నాడు. ప్లేటును దీపానికి ఎదురుగా పట్టుకుని చూపించాను. చాలాసేపు చూసి, "గింత సన్నగ ఉన్నయి" అన్నాడు. కాకా, ఆ కనిపించేది అది చేసిన చిల్లు, అది ఇంకా సన్నగా ఉంటుంది, కంటికి కనపడదు అన్నాను. "మల్ల తోటకు పనికొచ్చేదేమన్న ఉంటె సూడు" అని లేచాడు.

ఫేజ్ సీసా ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంది. పోయిన జూన్‌లో లెక్క చూస్తే పదో వంతుకు పడిపోయింది. కొత్త బ్యాచ్ పిల్లలకు దాన్ని మళ్లీ పెంచే పని ఇచ్చాను. ఫ్రీజర్‌లోంచి పి-17ను తీశారు. వాటర్‌బాత్ కొత్తది వచ్చింది, అయినా పక్కన వేరే థర్మామీటర్ పెట్టమన్నాను.